మొదటి అచ్చు

"మూడు నెలలుగా అమ్మాయిని తీసుకురాలేదేంటమ్మా? తీగ బిగించకపోతే దవడ మళ్ళీ మొదటికొస్తుంది" అని పళ్ళ డాక్టరు కసిరాడు.

"మొదట్లో దాని పళ్ళకి తీసిన ప్లాస్టర్ అచ్చు ఇస్తారా బాబూ?"

"ఆ వంకరదెందుకు? మొన్నటిది చూడండి, ఎంత చక్కగా కుదిరిందో!"

ఎంత ఓపికో మహానుభావుడికి! పన్నుని ఒక పక్క నొక్కితే ఎముక కరుగుతుందట, రెండో పక్క కొత్తది పుడుతుందట. చదువు రానిదాన్ని కదా అని బొమ్మ గీసి మరీ చూపించాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? పన్ను వంకరని రోజూ దెప్పి, పిల్లని ఇక్కడికి లాక్కొచ్చింది నేనే. తీగలు వేశాక అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది.

"పద్నాలుగేళ్ళ ఎముక, చెప్పినట్టు వింటుంది. రేపే తీసుకురండి."

"జ్వరమొచ్చి పోయింది బాబూ. చితిలో ఎముకలన్నీ కాలిపోయాయి. మీ తీగ మాత్రం చెక్కుచెదరలేదు, ఏం పనితనం!" అంటూ పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను.

డాక్టరు లేచి, మొదటి అచ్చు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

వంకర పన్నుని వేలితో తడిమాను. ఎంత చక్కగా కుదిరిందో.