రెండో స్క్రూడ్రైవరు

ఎనభయ్యారులో గోదావరికి పెద్ద వరదొచ్చాక పన్నెండో ఏడు అది. సింగపూర్లో కంప్యూటర్ డిస్కులు చేసే ఓ ఫ్యాక్టరీ. లోకమంతా కంప్యూటర్లకి ఎగబడుతోంది. అయినా ఆ ఫ్యాక్టరీకి గండం వచ్చిపడింది.

“పక్క దేశం పన్నులెత్తేసి రమ్మంటోంది. అక్కడ కూలీ మన దాంట్లో సగం,” అన్నాడు మేనేజరు. “రెండు లైన్లలో ఒకటే ఇక్కడుంటుంది. ఈ వారం ఎక్కువ డిస్కులు చేసినవాళ్ళు మిగులుతారు. ఓడినవాళ్ళు ఇంటికే.”

ఒకటో లైనుకి మారయ్య పెద్ద. రెండో లైనుకి అరుణమ్మ.

“ఏం లీడరుగారూ, పెట్టేబేడా సర్దుకున్నారా?” అనేది అరుణమ్మ క్యాంటీన్లో.

“ముందు మీరు సర్దుకోండి, అరుణమ్మగారూ,” అనేవాడు మారయ్య.

ఆ ‘గారు’లు విని రెండు లైన్లూ పడిపడి నవ్వేవి.

ఆఖరిరోజు మధ్యాహ్నానికి రెండో లైను కాస్త ముందుంది. అప్పుడే వాళ్ళ కరెంటు స్క్రూడ్రైవరు కాలిపోయింది. స్టోర్లో అడిగితే వారం పడుతుందన్నారు. అరుణమ్మ నేరుగా మారయ్య దగ్గరికి నడిచొచ్చింది.

“నీ దగ్గర రెండోది ఉందిగా. సాయంత్రం దాకా ఇయ్యి.”

ఈసారి ‘గారు’ లేదు. ఎవరూ నవ్వలేదు.

మారయ్య తన లైను వైపు చూశాడు. బాబ్జీకి మొన్ననే కూతురు పుట్టింది. సుచిత్ర మొగుడు షిప్‌యార్డులో కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో పడున్నాడు. అందరూ చేతులాపి అతన్నే చూస్తున్నారు. ఇవ్వొద్దని ఒక్కరూ నోరు తెరిచి అనలేదు.

“లేదు,” అన్నాడు మారయ్య.

సొరుగు సగం తెరిచే ఉంది. అరుణమ్మ అందులోకి చూసింది. తరవాత అతని మొహంలోకి చూసింది.

“సరేలే,” అని వెనక్కి తిరిగింది.

సాయంత్రానికి ఒకటో లైను గెలిచింది. బాబ్జీ వచ్చి మారయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు.

“అంకుల్, మీరు కాబట్టి...” మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేశాడు.

అవతల రెండో లైను ఆడవాళ్ళు నీలం కోట్లు విప్పి, మడిచి బల్లమీద పెడుతున్నారు. అరుణమ్మ తనది మడవలేదు. అలాగే వదిలేసి పోయింది.

మర్నాడు పొద్దున మారయ్య ఎప్పట్లాగే రెండు క్యారేజీలు కట్టి, ఒకటి సంచిలో వేసుకుని, రెండోది మంచం పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్న పెళ్ళాంతో “తినవే, అరుణా” అని, ఒక్కడే బస్సెక్కాడు.