వేణ్ణీళ్ల బాబాయ్

లాండ్రీలో ఎవరో తుమ్మారు.

కౌంటర్ దగ్గర రసీదు రాస్తున్న పెద్దాయన పెన్ను అక్కడే పడేసి మూడడుగులు వెనక్కి వేశాడు. రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"మోచేతిలోకి తుమ్మవయ్యా బాబూ! నీ జలుబు నలుగురికీ పంచిపెట్టాలా?"

ఇస్త్రీ బల్ల దగ్గరున్న ఇద్దరూ కిసుక్కున నవ్వారు. షాపులో అందరికీ ఆయన వేణ్ణీళ్ల బాబాయ్. ముప్పై ఏళ్లుగా ఊరివాళ్ల బట్టల మురికి వదిలిస్తున్న మనిషి, ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి తన చేతుల మీద పడ్డాడు. మాసిన మూట ముట్టుకుంటే సబ్బు, తలుపు గడియ ముట్టుకుంటే సబ్బు. తాగేది వేణ్ణీళ్లే. పొద్దున్నే నడక, పూటకో పండు, తొమ్మిదింటికల్లా పడక.

ఆదివారం కావడంతో కూతురే అన్నం క్యారియర్ తెచ్చింది. ఆమెకు రెండ్రోజులుగా ముక్కు దిబ్బడ. మాస్కు పెట్టుకుని గడప అవతలే నిలబడింది.

"అక్కడే పెట్టి వెళ్లు తల్లీ. దగ్గరికి రాకు," అన్నాడు నాన్న, రుమాలు తియ్యకుండానే.

పక్క షాపు టైలర్ కత్తెర ఆపి ఇటు చూశాడు. "ఏమ్మా, కన్నకూతుర్ని కూడా గడప దాటనివ్వడా? మీ నాన్నకు ప్రాణమంటే ఇంత తీపని నాకిన్నాళ్లూ తెలీదు సుమా!"

"తీపిగానే ఉండనీ మామయ్యా. అదే నాకు కావాల్సింది," అంది ఆమె.

ఆ మాట మనస్ఫూర్తిగా అంది. ఆర్నెల్ల క్రితం అమ్మ పోయింది. చాలాకాలం మంచంలో ఉండి పోయింది. తర్వాత నాన్న అన్నం మానేశాడు, మాట మానేశాడు, ఆపేసిన మిషన్ల మధ్య స్టూలు వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. కూతురు సెలవు పెట్టి ఆయన్నే కనిపెట్టుకుని ఉంది. అమ్మ వెనకే ఈయనా వెళ్లిపోతాడేమోనని ఆమెకు గుండెల్లో రాయి పడింది.

అలాంటిది, మొదటి వాన పడిన రోజు ఆయన ఆవిరి పట్టే కెటిల్ ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాడు.

"నాకు జలుబు చెయ్యకూడదు తల్లీ. ఒక్కసారి కూడా చెయ్యకూడదు."

ఆమె వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది. నాన్నకు బతకాలని ఉంది. అంతకంటే ఏం కావాలి?

అప్పట్నుంచి ఆయన ఏ చాదస్తానికీ అడ్డు చెప్పలేదు. ఘాటు పడదంటే ఇంట్లో వాసన సబ్బులు మానేసింది. తలనొప్పి బామ్ కూడా బయటపడేసింది. తన గది తనే ఊడ్చుకుంటానంటే సరేనంది. పడుకునే ముందు ఆయన తలుపు వేసుకుని ఏదో శ్వాస వ్యాయామం చేసేవాడు. బయటికి వినిపించేది. పీల్చడం దీర్ఘంగా, వదలడం ఇష్టం లేనట్టు మెల్లగా.

"నాకూ నేర్పచ్చుగా నాన్నా?" అని ఒకసారి అడిగింది.

"నీకెందుకులే," అన్నాడు.

క్యారియర్ ఇచ్చి ఇంటికి వచ్చేసరికి ఎండ కాసింది. తన జలుబు నాన్నకు ఎక్కడ అంటుకుంటుందోనని ఆమె బెంగ. ఎండ పోకముందే ఇల్లంతా దులిపి ఉతికేద్దామని నడుం బిగించింది. నాన్న గదిలో దుప్పటి లాగింది, గలేబులు విప్పింది. దిండు కింద లాండ్రీ ప్లాస్టిక్ కవరు ఒకటి కనిపించింది. దాని మూతి బిగించి రెండు వరసలు టేపు వేసి ఉంది. టేపు ఊడదీసి చూస్తే, లోపల అమ్మ గోధుమరంగు శాలువా.

చివరి రోజు దాకా అమ్మ భుజాల మీదే ఉన్న శాలువా అది. అంచు మాసి ఉంది, మందు మరకలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె దాన్ని గుండెకు హత్తుకుంది. జబ్బుపడ్డవాళ్ల బట్టలు ఉతక్కుండా ఉంచకూడదని పదిమందికి చెప్పే మనిషి, ఇది మాత్రం మర్చిపోయాడనుకుంది.

లాండ్రీ వాడి కూతురు. పని తెలుసు. ఉన్నిది కాబట్టి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టింది. మరకల్ని ఒక్కొక్కటే వేలితో రుద్దింది. మూడుసార్లు జాడించి దండెం మీద ఆరేసింది.

సాయంత్రం నాన్న వచ్చాడు. అలవాటు ప్రకారం పెరటి కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకున్నాడు. తలెత్తి దండెం చూశాడు.

సబ్బు చేతిలోంచి జారిపోయింది. నురగ కూడా కడుక్కోకుండా వెళ్లి, శాలువా అందుకుని మొహానికి ఆనించుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఎలా ఉంది నాన్నా? ఒక్క మరక మిగిల్చానేమో చూడు," అంది కూతురు గర్వంగా.

"లేదమ్మా," అన్నాడు. "ఏమీ మిగల్లేదు."

ఆ రాత్రి ఆయన గది తలుపు తెరిచే ఉంది. శ్వాస వ్యాయామం వినిపించలేదు. అలిసిపోయి ఉంటాడనుకుంది.

తెల్లారి ఆమె టీ తాగుతూ వరసగా రెండు తుమ్ములు తుమ్మింది. నాన్న వెనక్కి జరగలేదు. రుమాలూ తియ్యలేదు. వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని, మిగిలిన టీ తాగేశాడు.

"అయ్యో, అది నా ఎంగిలి నాన్నా! జలుబు అంటుకుంటుంది!"

ఆయన ఆమె తల నిమిరాడు.

"అంటుకోనీలే తల్లీ... ముక్కు మూసుకుపోతే ఆ శాలువాలో మీ అమ్మ వాసన నాకు తెలియకుండా పోతుందనేగా ఇన్నాళ్లూ నా భయం."