మూలనున్న అంకె

"మూడొందలు! చూశావా? సెకనుకి మూడొందల బొమ్మలు!" ఆట నడుస్తున్న కంప్యూటర్ తెర మూలనున్న అంకెను వేలితో పొడిచి మరీ చూపించాడు బావ. కొత్త గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను ఇల్లెగిరిపోయేలా రొద పెడుతోంది.

"నీ తెర చూపించేది అరవయ్యే బావా!" అరిచి చెప్పాడు బావమరిది. "మిగతావి గీసి పారేయడానికే కార్డు చెమటోడుస్తోంది. పైగా బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనబడుతోంది." అంటూనే సెట్టింగుల్లోకి వెళ్లి వీసింక్ ఆన్ చేశాడు. కార్డు తెర వేగానికి దిగొచ్చింది. అంకె అరవై దగ్గర ఆగింది. రొద చప్పున చల్లారింది.

వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది. "కరెంటు పోయిందా?"

"నా కార్డు పరువు తీశాడు నీ తమ్ముడు!" బావ మళ్లీ ఆ అంకెకేసే వేలు చూపించాడు. "అరవైకీ మూడొందలకీ ఆటలో ఎంత తేడానో వీడికేం తెలుసు!"

"ఏం తేడానో చూపించు బావా."

చూపిద్దామని బావ మొదటిసారి మూల వదిలి తెర మధ్యకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ హీరోగాడికి గుర్రం ఎప్పుడొచ్చింది?"

"మొదట్నుంచీ ఉంది," అన్నాడు బావమరిది.

అక్క చేతులు తుడుచుకుంటూ మొగుడికేసి చూసింది. "పోన్లే. ఈ లెక్కన ఏదో ఒక రోజు నేనూ కనిపిస్తాను."