మూడో కాపీ

“ఒక కాపీ మీ సెంటర్లో, ఒకటి నెట్‌లో, ఇంకోటి ఈ బిల్డింగ్‌లో కాకుండా వేరే చోట. ఈ మూడూ ఉంటే ఇక దేనికీ భయపడక్కర్లేదండీ,” అన్నాడు బ్యాకప్ కంపెనీ నుంచి వచ్చినతను, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు.

“మూడోది మాకు ఎప్పట్నుంచో ఉంది,” అంది డాక్టరమ్మ. “ప్రతి శనివారం మా బాబాయి గారు అన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి ఇంటికి తీసుకెళ్తారు.”

బల్లకు ఆ చివర కూర్చున్న బాబాయి దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు.

ఆయన ఆ స్కానింగ్ సెంటర్లో పంతొమ్మిదేళ్లుగా రికార్డులు చూసే గుమస్తా. డాక్టరమ్మ మొదలుకొని ఊడ్చే మనిషి దాకా అందరికీ బాబాయే. మొన్న ఆదివారం, సెంటర్‌కి సెలవు రోజున, పైఅంతస్తులో కుళాయి కారి, కింద గదిలో ఉన్న సర్వర్ తడిసి ముద్దయింది. ఏడేళ్ల స్కాన్లు, రిపోర్టులు అందులోనే ఉన్నాయి. పాత కుళాయి కదా, వదులైపోయి ఉంటుందని అందరూ తీర్మానించారు. ఇప్పుడు కొత్త ఏర్పాటు కోసం ఈ మనిషిని పిలిపించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయితే ఆకులు అమ్ముకునేవాడికి కాలిన చేతులతోనే కదా బేరం.

“తడిసిన డిస్కుల్లోంచి కూడా ఒక్కోసారి డేటా తీయొచ్చండీ. మా ల్యాబ్‌కి పంపుతారా?” అని అడిగాడతను.

“వద్దు,” అంది డాక్టరమ్మ. “వాటిని మా ఇంటికి తీసుకెళ్లి ఆరబెడుతున్నాను.”

అతను ల్యాబ్ మాట వదిలేసి, తను తెచ్చిన బ్యాకప్ పెట్టెను ముందుకు జరిపాడు. బాబాయికి మాత్రం గుండె తరుక్కుపోయింది. అంత చదువుకున్న మనిషి డిస్కుల్ని బట్టల్లా ఆరేసుకునే స్థితికి వచ్చింది.

“మీ పెట్టె బాగానే ఉంది. సోమవారం వచ్చి బిగించండి. శుక్రవారం అధికారుల పని అయిపోవాలి ముందు,” అని ఆవిడ అతన్ని పంపించేసింది.

ఆ శుక్రవారమే బాబాయి మెడ మీద కత్తి. రెండేళ్ల కిందట ఒక బడి పంతులమ్మకు ఊపిరితిత్తుల స్కాన్ తీసి, ఏ లోపమూ లేదని డాక్టరమ్మ రాసిచ్చింది. ఇప్పుడు ఆమె మంచం పట్టింది. గడ్డ అప్పుడే ఉందనీ, చూడకుండా రాశారనీ ఆమె భర్త ఫిర్యాదు చేశాడు. వాళ్ల దగ్గరున్న ఫిల్ము ఇల్లు మారడంలో ఎక్కడో పోయింది. అసలు స్కాన్ చూపించమని అధికారులు వస్తున్నారు. అది చూపిస్తే డాక్టరమ్మ మీద నింద దూదిపింజలా ఎగిరిపోతుందని బాబాయి నమ్మకం. చూపించడానికి ఉండాలి కదా.

డాక్టరమ్మ తలుపు వేసి వచ్చింది.

“డిస్కు తెచ్చారా బాబాయి గారూ? మొన్నేమో మర్చిపోయానన్నారు. నిన్న బీరువా తాళం పిన్ని దగ్గరుందన్నారు.”

“తెచ్చానమ్మా.”

“ఎవరికైనా ఇచ్చారా? ఎవరైనా అందులోంచి కాపీ చేసుకున్నారా?”

“లేదమ్మా.”

“ఇంకెక్కడా లేదు కదా? ఇదొక్కటేనా?”

“ఇదొక్కటే.”

పాత కళ్లజోడు పెట్టెలో ఉన్న డిస్కును ఆయన బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఆత్రంగా అందుకోబోవడం చూశాక ఇక దాచడం ఆయన వల్ల కాలేదు.

“అందులో ఏమీ లేదమ్మా.”

“అంటే?”

“కాపీ ఎక్కడానికి గంటన్నర పడుతుంది. ఒక శనివారం బస్సు తప్పిపోతుందని ఎగ్గొట్టాను. ఏమీ కాలేదు. పై వారమూ ఎగ్గొట్టాను. అలా రెండేళ్ల పైనే అయింది. ఉన్న పాతవి కూడా అంతకుముందే చెరిపేశాను, చోటు చాల్లేదని.”

“మరి రిజిస్టర్లో సంతకాలున్నాయిగా?”

“నెలకోసారి, నాలుగు వారాలవీ కలిపి పెట్టేసేవాణ్ణి.” ఆయన ఆ డిస్కు వైపు చూపించాడు. “మా ఆవిడకీ తెలీదు. ప్రతి శనివారం చేతులు కడుక్కుని మరీ అందుకుంటుంది. ఎంతమంది ప్రాణాలో ఇందులో, అంటుంది. నేను ఊఁ అంటాను.”

“నిజంగా ఏమీ లేదా?”

“ఒక్క బొమ్మ కూడా లేదమ్మా.”

ఆవిడ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది. కాసేపటికి తేరుకుని, “పోనీలెండి. మనుషులం. ఎవరికైనా జరుగుతుంది,” అంది.

ఆ మాటతో ఆయన సిగ్గు నూరింతలైంది. ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. పొద్దున రాసుకొచ్చిన ఉత్తరం. కాపీ తీయకుండానే తీసినట్టు దొంగ సంతకాలు పెట్టింది తనేననీ, డాక్టరమ్మ తప్పు రవ్వంత కూడా లేదనీ అందులో ఉంది.

“శుక్రవారం వాళ్ల చేతికి ఇస్తాను.”

ఆవిడ రెండుసార్లు చదివింది. “మీ ఉద్యోగం పోతుంది.”

“పోవాల్సిందే.”

“నలుగురికీ తెలుస్తుంది. పిన్ని తలెత్తుకోగలదా?”

“ఇవాళే చెప్పేస్తాను ఆవిడకి. ఆ పంతులమ్మ గారింటికి కూడా వెళ్లి చెప్తాను. మీ తప్పు లేదని చూపించే ఒక్క దారినీ నేనే మూసేశాను. ఆవిడకీ నిజం తెలీకుండా చేశాను. ఏ మొహం పెట్టుకుని బతకనమ్మా?”

ఉత్తరం కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. ఎప్పుడూ ఎదుటిమనిషి కళ్లలోకి చూసి మాట్లాడే డాక్టరమ్మ గోడవైపు చూస్తోంది.

“కూర్చోండి బాబాయి గారూ,” అంది. “ఆ కుళాయి విప్పింది నేనే.”