కొండమీది యూనివర్సిటీ

సాయంత్రం ఐదింటికల్లా ఆప్షన్ పెట్టెయ్యాలి. ఆ తరవాత ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా మారదు.

నాలుగున్నరైంది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పిచ్చుక కూర్చుంది. పద్దెనిమిదేళ్ళొచ్చినా ఇంట్లోవాళ్ళకి ఆ పిల్ల పిచ్చుకే. ఎదురుగా అమ్మమ్మ. ఆవిడ ముందు మూడు పాత క్యాలెండర్ కాగితాలు, వాటి వెనకవైపు వంకర అక్షరాలు.

పిచ్చుకకి వచ్చిన ర్యాంకుకి మూడు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కడైనా మెడిసిన్ సీటు దొరుకుతుంది. ఒకటి ఊళ్ళోదే, సిటీబస్సు చాలు. రెండోది నది ఒడ్డున ఉంది. మూడోది కొండమీద, పది గంటల రైలు ప్రయాణం. వద్దు మొర్రో అంటున్నా వినకుండా అమ్మమ్మ మూడింటికీ వెంటవచ్చి మరీ చూసింది.

పిచ్చుక మనసు కొండమీదే ఉండిపోయింది. ఆ సంగతి అమ్మకొక్కదానికే తెలుసు. పొద్దున మందుల షాపులో డ్యూటీకి వెళ్తూ అమ్మ ఒకటే మాట అంది.

"నీ చదువు, నీ ఇష్టం. కానీ అమ్మమ్మకి చెప్పే పూచీ మాత్రం నీదే తల్లీ. నావల్ల కాదు."

ఎవరివల్లా కాదు. ఎవరైనా ఇల్లు కదులుతున్నారంటే అమ్మమ్మకి ప్రాణం పోయినంత పని. చుట్టాలు బయల్దేరుతుంటే వాళ్ళ చెప్పుల్లో ఒకటి దాచేస్తుంది. వెతుక్కునే ఆ పది నిమిషాలైనా ఉంటారని. తాతయ్యని తీసుకెళ్ళిపోయిన రోజున ఆయన చెప్పులు రెండూ కనబడలేదు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

"ఊళ్ళోది," కళ్ళజోడు సర్దుకుని చదివింది అమ్మమ్మ. "మెట్లు ముప్పై ఎనిమిది. లిఫ్టు అగ్గిపెట్టెంత. మంచం పట్టదు."

"మంచం దేనికి అమ్మమ్మా? నాతో హాస్టల్లో కాపురం పెడతావా ఏంటి?"

"పెడితే తప్పా?"

పిచ్చుక నవ్వింది.

ఈవిడ అన్నంత పనీ చేస్తుంది. వెళ్ళిన ప్రతిచోటా చూడనిది లేదు. మెస్సులో పప్పు గరిటెతో ఎత్తి చూసింది. బాత్రూముల్లో కుళాయిలు తిప్పింది. చివరికి మనిషి శరీరాన్ని కోసి పాఠం చెప్పే హాలు కూడా వదల్లేదు. మిగతా తల్లిదండ్రులు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గితే, ఈవిడ గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూసింది.

ఊళ్ళో ఆ హాల్లోంచి పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, పకపకలాడుతూ బయటికొచ్చారు. "ఇక్కడి పిల్లలు తెగ నవ్వుతున్నారే!" అంది అమ్మమ్మ. ఇల్లు దగ్గరైతే నవ్వరా మరి అని ఆవిడ ఉద్దేశం కాబోలనుకుంది పిచ్చుక.

నది ఒడ్డున హాలు కిటికీలకి తెరలైనా లేవని అక్కడి గుమాస్తాతో తగువు పెట్టుకుంది.

కొండమీద మాత్రం ప్రొఫెసర్‌ని పట్టుకుని నెమ్మదిగా అడిగింది. "మొదటిరోజు పిల్లలు ఏం చేస్తారు బాబూ?"

"తల వంచి ఒక నిమిషం నిలబడతారమ్మా. తరవాతే చెయ్యి వేస్తారు."

తిరుగు ప్రయాణంలో పది గంటలూ అమ్మమ్మ పెదవి విప్పలేదు. ఆ దూరమే ఆవిణ్ణి కొరికేస్తోందని పిచ్చుకకి అర్థమైంది.

నాలుగూ నలభై ఐదు.

"తేల్చు మరి. అందరికన్నా ముందు నాకే చెప్పాలి. చెప్పాక మారకూడదు."

"నీకెందుకంత కంగారు?"

"నా ఏర్పాట్లు నాకుంటాయమ్మా."

ఏర్పాట్లట! ఆ యూనివర్సిటీ గేటు ఎదురుగా గది అద్దెకి తీసుకుని, సాయంత్రం కాగానే అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్న అమ్మమ్మ పిచ్చుక కళ్ళముందు మెదిలింది. వెంటనే రైలుపెట్టె మెట్టు దగ్గర, చేతిలో ఒంటి చెప్పుతో నిలబడ్డ అమ్మమ్మ కూడా.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అక్కణ్ణించి దిగలేదు.

"ఊళ్ళోదే అమ్మమ్మా," అంది పిచ్చుక.

"ఖాయమేనా?"

"ఖాయం."

"నా మీద ఒట్టు?"

పిచ్చుక లాప్‌టాప్‌ని తనవైపు ఇంకాస్త తిప్పుకుంది. కొండమీది యూనివర్సిటీ పేరు మీద నొక్కి లాక్ చేసేసింది. చేరడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలైనా ఆవిడ కంటినిండా నిద్రపోతుంది. ఆఖరి వారంలో అమ్మా తనూ కలిసి ఎలాగో చెప్పుకోవచ్చు.

"ఒట్టు. లాక్ అయిపోయింది. ఇంక నేను కావాలన్నా మార్చలేను."

ఆ చివరి మాట ఒక్కటే నిజం.

అమ్మమ్మ గుండెల మీంచి బండ దించినట్టు ఊపిరి వదిలింది. పిచ్చుక తల నిమిరింది. "బంగారుతల్లి. ఇన్నాళ్ళూ నీ మాట కోసమే ఆగానే!" అంటూ గదిలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. పై సగం మడిచే ఉంచి, కింద ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టింది.

"పేరూ వయసూ నేనే నింపాను. మీ అమ్మ చేత సంతకమూ పెట్టించాను. ఈ ఒక్కటీ నువ్వు రాసిపెట్టు, నా చెయ్యి వణుకుతోంది."

"ఏం రాయాలి?" పిచ్చుక పెన్ను మూత తీసింది.

"నేను పోయాక నా ఒంటిని కొండమీది యూనివర్సిటీకే ఇచ్చెయ్యమని రాయి పిచ్చుకా, అక్కడైతే తల వంచాకే కత్తి పడతారు, పైగా ఆ బల్ల మీద నన్ను చూడ్డానికి నువ్వక్కడ ఉండవుగా."