పిల్లకాలువలు

“నరం తెరిచినం, ఇగ ఫికర్ లేదన్నరు గదా మేడం! మళ్ల ఈ నొప్పేంది?”

నాందేడ్ ఆసుపత్రిలో డాక్టర్ గదిలోకి అడుగు పెడుతూనే పోశన్న గొంతు లేచింది. కోపం అతనికి ముక్కు మీదే ఉంటుంది. ఇస్లాపూర్ నుంచి పొద్దున్నే బయలుదేరి వస్తే ఇక్కడ లిఫ్టు పనిచేయడం లేదు. ఇద్దరూ మూడంతస్తులు ఎక్కి వచ్చారు.

ఉన్న ఒక్క స్టూలు మీద పోశన్న కూర్చున్నాడు. భార్య మైసవ్వ రెండు సంచులూ పట్టుకుని గోడకు ఆనుకుంది.

డాక్టర్ రోహిణి కంప్యూటర్‌లో కొత్త పరీక్షల బొమ్మలు చూస్తోంది. తల తిప్పకుండానే అడిగింది. “నొప్పి ఎప్పుడొస్తున్నది?”

“మెట్లెక్కినా, బరువెత్తినా ఇగో, ఈడ పట్టేస్తది.” పోశన్న ఛాతీ మీద చెయ్యి వేసి చూపించాడు. “దవడ దాంక గుంజుతది. నిన్న పత్తి మూట ఎత్తంగ గూడ గట్లనే అయింది.”

రోహిణికి ఒళ్లు మండింది. “పత్తి మూటా? అటాక్ అచ్చి నెల కాలే! బరువు ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పిన?”

“పని ఆగుతదా మేడం?”

మైసవ్వ ఏదో అనబోయింది.

“నువ్వుండవే, నేను చెప్తున్న గదా!” అని కసిరాడు పోశన్న.

రోహిణి పెన్నుతో తెర మీద చూపించింది. “స్టెంట్ ఏసి తెరిచింది ఈ పెద్ద నరం. అది మంచిగనే ఉన్నది. దీంట్లకెళ్లి వెంట్రుకలసొంటి సన్న నరాలు గుండె కండలకు పోతయి. అటాక్‌ల అవి దెబ్బతిన్నయి. పెద్ద కాలువల నీళ్లున్నా పిల్లకాలువలు పూడిపోతే మడి తడుస్తదా?”

“తడువది.”

“గంతే. అవి తేరుకునేదాంక గోలీలు తప్పద్దు, బరువు ఎత్తద్దు.”

“ఇంట్ల కూసుంటే ఊరోళ్లు నవ్వుతరు.”

“నవ్వనియ్యి! గుండె ఆగితే వాళ్లచ్చి పత్తి ఏరుతరా?”

గదిలో ఆయాసం వినిపిస్తూనే ఉంది. అయినా పోశన్న మొండిపట్టు వదల్లేదు. “గవన్నీ నాకెందుకు మేడం? రేపు పత్తి చేనుకు పోవచ్చా, లేదా? గది చెప్పున్రి.”

రోహిణి అప్పుడు తల తిప్పి చూసింది. ఆమె మొహం జేవురించింది.

“లెవ్వు పోశన్నా, ఆ సంచులు నువ్వు పట్టుకో. పేషెంటును కూసోనియ్యి.”