తీతువు గూటికి గులకరాళ్లు

కుంట ఒడ్డున నేలమీదే నాలుగు గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్టకు కాలు నిలవడం లేదు. ఎగువన వాన కురిసి, నీరు గుడ్లకు జానెడు దూరంలోకి వచ్చేసింది.

సాయానికి పిట్టలన్నీ వచ్చాయి. వచ్చి, మీటింగు పెట్టాయి.

"తుమ్మకొమ్మకు వేలాడే గూడు అల్లేద్దాం. రెండు గదులు," అన్నాడు గిజిగాడు. ఎవరి కష్టం చూసినా అతనికి తన పనితనమే గుర్తొస్తుంది.

"గుమ్మం పెద్దది పెట్టండి. చూడ్డానికొచ్చేవాళ్లు ఇరుక్కుపోతారు," అంది కాకి. పిలవని ఇంటికి వెళ్లేది ఆ ఊళ్లో అదొక్కటే.

"బావా, నాకు..." అని తీతువు నోరు తెరిచింది.

"ఉండమ్మా, నీ కోసమేగా ఈ తంటాలన్నీ!" అని గిజిగాడు కసిరాడు.

నీరు బెత్తెడు దూరానికి వచ్చింది.

బురదలోంచి తాబేలు తల ఎత్తింది. "అమ్మాయ్, ఎప్పుడైనా కొమ్మమీద కూర్చున్నావా?"

"లేదు మామా. నా కాళ్లకు కొమ్మ పట్టు దొరకదు."

పిట్టలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"మరి నీకేం కావాలి?" అని అడిగింది తాబేలు.

"గుడ్ల కింద గులకరాళ్లు పేర్చి ఎత్తు చేయాలి. ఒక్కదాన్నే మోయలేకపోతున్నా."

అప్పుడు పిట్టలన్నీ రాళ్ల కోసం ఎగిరాయి. తీతువు ఒక్కో గుడ్డునూ ముక్కుతో జరిపి కింద రాళ్లు దోపింది. మూడు గుడ్లు ఎత్తుకెక్కాయి. నాలుగోదాని కిందికి రాయి చేరేలోపే నీరు దాన్ని లాక్కుపోయింది.

"గుమ్మం సంగతి తర్వాత మాట్లాడుకోవాల్సింది," అంది కాకి.

తీతువు అటు చూడలేదు. మూడింటిమీదా రెక్కలు కప్పి, ఇంకా రాళ్లు తెమ్మంది.